నడిచే బండా, ఆగిపోయిన బండా?

ముందు ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పరా చంటీ. నీకు ఇష్టమైంది నడిచే బండా, ఆగిపోయిన బండా?

నవ్వకు. పదో తరగతి అయ్యాక ఐటీఐలో చేరతాను, మెకానిక్కునవుతాను తాతయ్యా అని నువ్వు అన్నప్పటి నుంచీ మీ అమ్మ నాకు రోజూ ఫోను చేస్తోంది. "వాడికి బళ్ళంటే పిచ్చి నాన్నా, ఆ పిచ్చిలో అంటున్నాడు" అని దాని బాధ. బళ్ళంటే పిచ్చి ఉన్నవాళ్ళు ఊరినిండా ఉన్నారు. బైపాసు మీద సైలెన్సరు పీకేసి తిరిగే కుర్రాళ్ళందరిదీ ఆ పిచ్చే. ఒకరోజు బండి స్టార్టు కాకపోతే వాళ్ళేం చేస్తారు? నాలుగు కిక్కులు కొట్టి, తిట్టుకుంటూ షెడ్డుకి తోసుకుపోతారు. మెకానిక్కు పొద్దున షట్టరెత్తింది మొదలు రాత్రి దించేదాకా చూసేవి ఆ తోసుకొచ్చిన బళ్ళే. బాగుపడిన బండి అతని దగ్గర ఒక్క గంట ఉండదు, వెళ్ళిపోతుంది. అంచేత ఆగిపోయిన బండిని చూస్తే నీకు చిరాకేస్తుందా, లేక అదెందుకు ఆగిందో తేలేదాకా అన్నం సయించదా? అది తేలాలి ముందు. జీతం, గౌరవం, పెళ్ళిసంబంధాలు, ఇవన్నీ తర్వాతి సంగతి.

అదేం ప్రశ్న తాతయ్యా అంటావేమో. ఓ సంగతి చెబుతాను విను. మా పక్కింటాయన కారు కిందటి వానాకాలంలో మొరాయించింది. తాళం తిప్పితే 'టిక్' అనేది, అంతే. ఇంజను తిరిగేది కాదు. చిత్రమేమిటంటే హెడ్‌లైట్లు వేస్తే భేషుగ్గా వెలిగేవి. ఒక షెడ్డువాళ్ళు చూసి బ్యాటరీ పోయిందన్నారు. ఆయన కొత్తది వేయించాడు. రెండు రోజులు బాగానే ఉంది, మూడో రోజు మళ్ళీ టిక్. అప్పుడింకో కుర్రాడు వచ్చాడు. బానెట్ ఎత్తి, జేబులోంచి మల్టీమీటరు తీశాడు. బ్యాటరీ రెండు మొనల మధ్య కొలిస్తే 12.6 వోల్టులు. నిండుగా ఉందన్నమాట: ఒక్కో గదికి 2.1 చొప్పున ఆరు గదులు. తర్వాత అతను చేసిన పని చూసి నాకు ముచ్చటేసింది. మీటరు ఎర్ర మొన బ్యాటరీ సీసపు పోస్టు మీద పెట్టాడు. నల్ల మొన దానికి బిగించిన క్లాంపు మీదే పెట్టాడు. రెండూ ఒకదాన్నొకటి పట్టుకునే ఉన్నాయి కదా, వాటి మధ్య వోల్టేజి ఏముంటుంది? సున్నా. మీటరూ సున్నానే చూపించింది. "ఇప్పుడు తాళం తిప్పండి సార్" అన్నాడు. టిక్ అంది, మీటరు మీద మూడు వోల్టులు!

ఇదీ నువ్వు చదువుకున్న ఓమ్ సూత్రమే. తీగలో పోయే కరెంటుని దాని నిరోధంతో హెచ్చిస్తే అక్కడ ఖర్చయ్యే వోల్టేజి వస్తుంది. క్లాంపు లోపలి వైపు తెల్లటి, పచ్చటి చిలుము పట్టి ఉంది. ఆ చిలుము నిరోధం ఓ 0.03 ఓమ్‌లు అనుకో. ఏపాటిది? స్కూల్లో లెక్కకైనా రాదు. రెండు హెడ్‌లైట్లు కలిపి పది ఆంపియర్లు లాగితే అక్కడ పోయేది 0.3 వోల్టు, దీపాలకి తెలియనైనా తెలియదు. ఇంజనుని తిప్పాల్సిన సెల్ఫ్ మోటారు అలా కాదు, వంద ఆంపియర్లు లాగుతుంది. వందని 0.03తో హెచ్చించు. మూడు వోల్టులు ఆ చిలుము దగ్గరే హరించుకుపోయాయి. పెళ్ళివారి భోజనాల హాలుకి సన్నటి తలుపుందనుకో, ఒకరిద్దరు వెళ్ళేటప్పుడు దాని ఇరుకు ఎవరికీ పట్టదు, వడ్డన మొదలైందనగానే తొక్కిసలాట. ఇక్కడా అంతే. కొత్త బ్యాటరీ రెండు రోజులెందుకు పనిచేసిందంటావా? బిగించేటప్పుడు క్లాంపు కాస్త గీసుకుని చిలుము కొంత రాలి ఉంటుంది, మిగిలింది మళ్ళీ అడ్డుపడింది. కుర్రాడు ముందు నెగటివ్ వైపు విప్పాడు, తర్వాత పాజిటివ్. ఇంట్లో వంటసోడా అడిగి వేడినీళ్ళలో కలిపి కడిగాడు, గరుకు కాగితంతో రుద్ది, బిగించి, పైన కాస్త గ్రీజు రాశాడు. బండి ఒక్క తిప్పుకి లేచింది. పాత బ్యాటరీలో ఏ లోపమూ లేదని వేరే చెప్పక్కర్లేదు.

నన్నడిగితే మెకానిక్కు పని అంటే ఇదీ. పానా తిప్పడం నెలలో వస్తుంది. పన్నెండో నంబరు నట్టుకి పదమూడో నంబరు పానా పెడితే మూలలు అరిగిపోతాయని రెండు దెబ్బలు తిన్నాక ఎవరికైనా తెలుస్తుంది. విప్పకముందే, కొనిపించకముందే, తక్కువ ఖర్చుతో అయ్యే పరీక్ష ఏదో అది ముందు చేసి ఒక్కో అనుమానాన్నీ కొట్టేసుకుంటూ పోవడం మాత్రం అందరికీ రాదు. పనిమంతులు స్పార్కు ప్లగ్గు విప్పి దాని మొహం చూసి ఇంజను లోపలి సంగతి చెబుతారు. చాక్లెట్ రంగులో ఉంటే మంట సరిగ్గా ఉంది. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. సున్నంలా తెల్లబోతే పెట్రోలు చాలక వేడెక్కిపోతోంది. తడిగా, జిడ్డుగా ఉంటే పిస్టన్ రింగులో వాల్వుల సీళ్ళో దాటి ఆయిలు పైకొస్తోంది. ఇంజను మూడువేల ఆర్‌పీఎంలో తిరుగుతుంటే ఆ చిన్న ప్లగ్గు సెకనుకి పాతిక సార్లు మెరుస్తుందిరా, తెలుసా! పన్నెండు వోల్టుల బ్యాటరీ, ఇగ్నిషన్ కాయిల్లోంచి వచ్చేసరికి వేల వోల్టులై ప్లగ్గు కొనన ఒక మిల్లీమీటరు పాటి సందు దూకుతుంది. అన్నిసార్లు దూకినదాని గుర్తులన్నీ ఆ కొనమీద ఉంటాయి.

ఆగిన బండి మీద ప్రేమంటే జి.డి. నాయుడుగారిది. కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే ఊళ్ళో 1893లో పుట్టాడు. తమిళదేశంలో స్థిరపడిన తెలుగు కుటుంబం. బడిచదువు ఒంటబట్టలేదు. ఒక దొర మోటారుసైకిలు మీద వెళ్తుంటే చూశాడు, ఆ మర ఏమిటో తెలుసుకోకపోతే నిద్రపట్టలేదు. కోయంబత్తూరులో హోటల్ సర్వరుగా చేరి, డబ్బు కూడబెట్టి ఆ బండి కొన్నాడు. కొని ఊరేగాడా? విప్పాడు. ముక్క ముక్క విప్పి, మళ్ళీ బిగించి, అలా మెకానిక్కయ్యాడు. 1920లో ఒక్క బస్సు కొని పొల్లాచ్చి, పళని మధ్య తిప్పాడు, ఆ ఒక్కటే పెద్ద బస్సుల కంపెనీ అయింది. ఆ తర్వాత మోటార్లు, యంత్రాలు, ఎన్నెన్నో. అందరూ నాయుళ్ళవుతారని కాదు నేననేది. కొన్న బండిని ఎక్కకుండా విప్పాలనిపించే ఆ బుద్ధి నీకుందా అని.

"ఇప్పుడంతా కంప్యూటరే చెప్పేస్తుందట కదా తాతయ్యా" అన్నావు మొన్న. కొంత నిజమే. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక చాలా మోటారుసైకిళ్ళలో కూడా కార్బొరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. పెట్రోలు ఒక పాలు, గాలి 14.7 పాళ్ళు, ఈ తూకం ఇదివరకు మేస్త్రి స్క్రూ తిప్పి చెవితో సరిచేసేవాడు. ఇప్పుడు పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సరు పెట్టుకుని బండే సరిచేసుకుంటోంది. స్కానరు తగిలిస్తే కోడు చెబుతుంది, ఒప్పుకున్నాను. పి 0171 అని కోడు వచ్చిందనుకో. పెట్రోలు చాలడం లేదు, గాలి ఎక్కువైంది అని దాని అర్థం. ఎందుకు? గొట్టం పగిలి గాలి లోపలికి పీలుస్తోందా, పంపు నీరసించిందా, ఇంజెక్టరు మూసుకుపోయిందా, గాలి కొలిచే సెన్సరుకే దుమ్ము పట్టి తప్పు చెబుతోందా? అది స్కానరు చెప్పదు. కోడు చూసి సెన్సరు మార్చేసేవాడు, టిక్ అనగానే బ్యాటరీ మార్చేసేవాడు, ఇద్దరూ ఒక తాను గుడ్డలే.

ఎలక్ట్రిక్ బళ్ళ సంగతి మాత్రం ఆలోచించాల్సిందే. అందులో ఇంజను ఆయిలు లేదు, ప్లగ్గు లేదు, క్లచ్చు లేదు, సైలెన్సరు లేదు. బ్రేకు వేసినప్పుడు మోటారే జనరేటరై బండి వేగం తగ్గిస్తుంది కాబట్టి బ్రేకు ప్యాడ్లు కూడా తొందరగా అరగవు. ఆయిలు మార్చి, టాపెట్లు సరిచేసి, హెడ్డు దించి బతికే షెడ్డుకి ఆమేరకు పని తగ్గుతుంది, దాచడమెందుకు. అయితే టైర్లు, బేరింగులు, షాకబ్జర్లు, స్టీరింగు, వైరింగు, ఏసీ ఎక్కడికీ పోవు. గుంతల రోడ్లు ఉన్నన్నాళ్ళూ వాటికి కొదవా? మన రోడ్ల మీదున్న పెట్రోలు, డీజిలు బళ్ళు ఒక్కరోజులో మాయమవవు కూడా. నాకు తోచేదేమిటంటే, రేపు మిగిలే మెకానిక్కు సగం ఎలక్ట్రీషియన్ అయి ఉంటాడు. కాకపోతే ఒక జాగ్రత్త. పన్నెండు వోల్టుల బ్యాటరీ మొనలు ముట్టుకుంటే నీకేమీ కాదు. ఎలక్ట్రిక్ కార్ల ప్యాకులో మూడు నాలుగొందల వోల్టుల డైరెక్ట్ కరెంటు ఉంటుంది. నారింజరంగు కేబుల్ కనిపించిందా, నేర్పిన మనిషి లేకుండా, గ్లవుజు లేకుండా చెయ్యి పెట్టకూడదు.

వాహనం బాగుచేసేవాడి చేతిలో ప్రాణాలుంటాయన్నది నువ్వు ఇంకా ఆలోచించి ఉండవు. తిరుమల ఘాటు దిగేటప్పుడు చూడు. తెలియని డ్రైవరు కిందిదాకా బ్రేకు తొక్కుతూనే దిగుతాడు, చక్రాల దగ్గర వేడి నిప్పులాగే. పెడలు తొక్కితే ఆ ఒత్తిడిని చక్రందాకా మోసేది గొట్టంలోని బ్రేకు ఆయిలు. ద్రవం నొక్కితే నలగదు, ఎంత ఒత్తిడి ఇస్తే అంతా అవతలికి చేరుస్తుంది, పాస్కల్ చెప్పింది అదే కదా. ఆ ఆయిలుకి ఒక పాడు గుణం ఉంది: గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదని నిబంధన, తేమ చేరాక 140కే మరగవచ్చు. మరిగితే బుడగలు పుడతాయి. బుడగ ఆవిరి, నొక్కితే నలుగుతుంది. పెడలు నేలకి తగులుతుంది, చక్రం మాత్రం ఆగదు. "రెండేళ్ళయింది, బ్రేకు ఆయిలు మార్చాలి" అని మెకానిక్కు చెబితే డబ్బు గుంజుతున్నాడని చాలామంది గొణుగుతారు. గొణిగినా సరే చెప్పే మనిషివి కావాలి నువ్వు.

ఇక కష్టాలు. మే నెలలో రేకుల షెడ్డు కింద, ఆపి అరగంటైనా కాని ఇంజను మీద చేతులు పెట్టాలి. నడుము, మోకాళ్ళు నలభై ఏళ్ళకే మొరపెడతాయి. ఉత్త జాకీ మీద లేపిన బండి కింద దూరకూడదు, స్టాండు పెట్టాలి, ఎంత తొందరైనా సరే. పాత ఆయిలు చర్మానికి మంచిది కాదు, క్యాన్సరు కారకం. చేతులు పెట్రోలుతో కడుక్కునే అలవాటు ఏ షెడ్డులో చూసినా ఉంటుంది, అది మాత్రం నేర్చుకోకు, సబ్బూ రంపపుపొట్టూ చాలు. బ్రేకు డ్రమ్ము విప్పి లోపలి పొడిని గాలి కొట్టి ఎగరగొడతారు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, ఊపిరితిత్తుల్ని పట్టి పీడిస్తుంది. తడిగుడ్డతో తుడువు. షట్టరు మూసి ఇంజను నడపకు, కార్బన్ మోనాక్సైడుకి వాసన లేదు. డబ్బంటావా, మొదట్లో చాలా తక్కువ, పేరొచ్చాక బాగానే ఉంటుంది, మధ్యలో అప్పుపెట్టి పోయేవాళ్ళు బోలెడుమంది. అందుకే పనితో పాటు బిల్లు రాయడం కూడా నేర్చుకోవాలి.

చదువు మానెయ్యాలని ఎవరన్నారు? ఐటీఐలో మోటారు వెహికిల్ మెకానిక్ రెండేళ్ళ కోర్సు, డీజిల్ మెకానిక్ ఒక ఏడాది. పదో తరగతి చాలు. తర్వాత అప్రెంటిస్‌షిప్ చేయవచ్చు, దానికి 1961 నుంచీ చట్టమే ఉంది, స్టైపెండ్ ఇస్తారు. అక్కడే ఆగిపోవాలనీ లేదు. పాలిసెట్ రాసి మూడేళ్ళ డిప్లొమా, దాని మీద ఈసెట్ రాస్తే ఇంజనీరింగు రెండో ఏడులోకి నేరుగా వెళ్ళవచ్చు. మీ అమ్మకి ఈ చివరి మాట గట్టిగా చెప్పు, ఫోన్లు కాస్త తగ్గుతాయి.

అయితే దరఖాస్తు పెట్టేలోగా ఈ వేసవి సెలవుల్లో ఒక నెల ఏదైనా షెడ్డులో ఉండు. బెజవాడ ఆటోనగర్ మీకు దూరమేం కాదు. లేత్ పని ఒకచోట, రేడియేటర్లు ఒకచోట, లారీల కమాన్ కట్టలు ఒకచోట, బాడీ కట్టేవాళ్ళు మరోచోట, అన్నీ చూడవచ్చు. మొదటి వారం టీలు తెమ్మంటారు, డీజిల్లో సామాన్లు కడగమంటారు. కడుగుతున్న ప్రతి ముక్కా ఎక్కడిదో, ఎటువైపు అరిగిందో అడుగు. మేస్త్రి విసుక్కుంటాడు, అయినా అడుగు. ఒకే బండి మూడోసారి తిరిగొచ్చిన రోజున నీకు ఇంటికి వెళ్ళాలనిపించిందో, ఉండిపోవాలనిపించిందో అది నాకు చెప్పు చాలు.

వెళ్ళేటప్పుడు మంచి మల్టీమీటరు ఒకటి కొనుక్కో. డబ్బు నేను పంపిస్తాను. వోల్టులు కొలిచేటప్పుడు ఎర్ర తీగ ఆంపియర్ల గుంటలో లేదని రెండుసార్లు చూసుకుని మరీ బ్యాటరీకి తగిలించు, లేకపోతే మొదటి రోజే మీటరు కాల్చుకుంటావు.