అమెరికా కార్టూను చిత్రమున రూఢిలక్షణ

పదముల యర్థ మెఱిఁగినవానికి వాక్యార్థము తప్పక తెలియునా యను ప్రశ్న లాక్షణికులకుఁ గ్రొత్తది కాదు. దానికి బొమ్మలతో నుత్తరము చెప్పిన చిత్రమొకటి అమెరికాలోఁ గలదు. అది టెక్స్ ఏవరీ దర్శకత్వమున ఎం.జి.ఎం. వారు 1951లో వెలువరించిన 'సింఫనీ ఇన్ స్లాంగ్' అను కార్టూను.

కథ స్వల్పము. మృతుఁడైన యొక యువకుఁడు స్వర్గమునఁ దన జీవితమును వీధిభాషలోఁ జెప్పును. ద్వారపాలుఁడగు సెయింటు పీటరునకు అది బోధపడదు. 1828లో ఆంగ్లనిఘంటువును బ్రకటించి 1843లో దివంగతుఁడైన నోవా వెబ్‌స్టరుకడకు వానిఁ గొనిపోవును. ఆ కోశకర్తకును వాచ్యార్థమే తోఁచును. తోఁచినదే తెరమీఁది బొమ్మ.

"నోట వెండిచెంచాతోఁ బుట్టితిని" అనఁగా సంపన్నగృహమున జన్మించితినని రూఢి. బొమ్మలో శిశువు నోట నిజముగాఁ జెంచా యున్నది. "పిల్లులును కుక్కలును కురిసెను" అనఁగా కుంభవృష్టి. బొమ్మలో నాకసమునుండి యా జంతువులే పడుచున్నవి. ఇవి రూఢిలక్షణకు లక్ష్యములు. వేఱొకచోట నొకఁడు తుపాకి "డ్రా" చేసెననును. ఆ యాంగ్లధాతువునకు లాగుట, గీయుట యని రెండర్థములు. లోకము పైకిఁ దీసెనని గ్రహించును. బొమ్మలోని మనుష్యుఁడు తుపాకిని గీయుచున్నాఁడు. రెండును వాచ్యములే గావున నిది శ్లేష. పై వానితో దీనిఁ గలపరాదు.

మమ్మటుఁడు లక్షణకు ముఖ్యార్థబాధ, తద్యోగము, రూఢిప్రయోజనములలో నొకటి హేతువులని చెప్పెను. రూఢి గట్టిపడినకొలఁది బాధ మనకుఁ దోఁపదు. పిల్లులు కురియుట యసంభవమని వినువాఁడు తలపోయఁడు. మఱచిన యా బాధను బొమ్మ కన్నులయెదుట నిలుపును, హాస్యమచ్చటఁ బుట్టును. తుదకు యువకుఁడు వెబ్‌స్టరును "నీ నాలుకను బిల్లి గొనిపోయెనా?" యని యడుగును. మాట రాదా యని భావము. నిజముగనే నాలుక పిల్లికడ నున్నది.

ఇందు బోధకులకు గ్రహింపఁదగినది కలదు. "కాలికి బుద్ధి చెప్పెను" అను మన జాతీయమునకుఁ బ్రతిపదార్థము మాత్రము చెప్పినచో, పాఱిపోయెనను భావము విద్యార్థికి లభింపదు. కాలు, బుద్ధి, చెప్పుట యను మాటలను నిఘంటువున వేఱువేఱుగ వెదకిన పరభాషీయుఁడును వెబ్‌స్టరు పడిన పాటే పడును. కావున నిఘంటువున జాతీయములకుఁ బదములతో సమానమైన చోటుండవలయును. బడిలో వానిని విడఁదీయక, ప్రయోగసహితముగ నేర్పవలయును.