అస్థి సాక్ష్యం, దంత సాక్ష్యం: మానవ బాల్యం యొక్క ప్రాచీనత

సుశ్రుత సంహిత శారీరస్థానంలో అస్థులు ఐదు విధాలుగా విభజింపబడినవి: కపాలములు, రుచకములు, తరుణములు, వలయములు, నలకములు. వీటిలో రుచకములనగా దంతములు. చరక సంహిత దంతాలను, నఖాలను కూడ కలిపి అస్థిసంఖ్యను 360గా చెప్పగా, సుశ్రుతుడు శల్యతంత్రాన్ని అనుసరించి 300గా నిర్ణయించాడు. ఆధునిక శారీరశాస్త్రం వయోజనుని అస్థులను 206గా గణించి, దంతాలను ఆ లెక్కలో చేర్చదు. ఇట్లు వేరుచేయుటకు కారణం దంతనిర్మాణంలోనే ఉన్నది. మానవునికి జ్ఞాతులై అంతరించిపోయిన జాతులలో బాల్యం ఎంతకాలం సాగినదో తెలుసుకొనుటకు ఆ నిర్మాణభేదమే నేడు ముఖ్యాధారమైనది.

అస్థి జీవితకాలమంతా మారుతూ ఉండే ధాతువు. అందులో కొన్ని కణాలు పాత భాగాన్ని కరిగించివేస్తూ ఉంటే, మరికొన్ని ఆ స్థానంలో కొత్త భాగాన్ని నిర్మిస్తూ ఉంటాయి. చేసే శ్రమను బట్టి ఎముక బలపడుతుంది. శ్రమ తగ్గినచో పలుచబడుతుంది. టెన్నిస్ క్రీడాకారులలో రాకెట్ పట్టిన చేతి ఎముక రెండవ చేతి ఎముక కంటె మందంగా ఉండుట ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. కావున వయోజనుని అస్థిలో అతని జీవనవిధానం కనిపిస్తుంది. శైశవం నాటి స్థితి చాలవరకు చెరిగిపోయి ఉంటుంది.

దంతంపై ఉండే పింగాణిపొర, అనగా ఎనామిల్, ఇందుకు భిన్నమైనది. దాని భారంలో దాదాపు 96 శాతం ఖనిజమే. దానిని నిర్మించిన కణాలు దంతం చిగురు నుండి వెలువడునప్పటికి నశిస్తాయి. అటుపై అది అరగవచ్చు, విరగవచ్చు, పుచ్చిపోవచ్చు. కాని తిరిగి నిర్మింపబడదు. ఆ కణాలు పనిచేసిన కాలంలో ప్రతిదినం ఒక సూక్ష్మరేఖ ఏర్పడుతుంది. కొన్ని దినాలకొకసారి మరింత స్ఫుటమైన రేఖ పడుతుంది. వీటిని రెట్జియస్ రేఖలంటారు. ఆధునిక మానవులలో రెండు రెట్జియస్ రేఖల నడుమ వ్యవధి వ్యక్తిని బట్టి 6 నుండి 12 దినాల వరకు ఉంటుంది. జనన సమయంలో శరీరానికి కలిగే మార్పు వలన పాలపండ్లలోను, మొదటి శాశ్వత చర్వణకంలోను ఒక ప్రత్యేకరేఖ నిలిచిపోతుంది. దంతాలు పూర్తిగా ఏర్పడకముందే మరణించిన శిశువు విషయంలో, ఆ జన్మరేఖ మొదలుకొని చివరి రేఖ వరకు లెక్కించినచో మరణకాలపు వయస్సు తెలుస్తుంది. పూర్వం ఇందుకై దంతాన్ని కోసి చూడవలసి వచ్చేది. సింక్రోట్రాన్ ఎక్స్-కిరణాల వలన శిలాజానికి హాని లేకుండ లోపలి రేఖలను చూడగలుగుతున్నారు.

ఈ ధాతువులు అన్ని జాతులలోను ఒకే తీరుగా లేవు. పారాంత్రోపస్ చర్వణకాలపై ఎనామిల్ మిక్కిలి మందం. ఆధునిక మానవులలోను అది మందమే. నియాండర్తాల్ మానవులలో దంతపరిమాణంతో పోల్చినప్పుడు ఎనామిల్ పలుచన, లోపలి డెంటీన్ అధికం. వారి దీర్ఘాస్థుల గోడలు మాత్రం నేటి మానవుల అస్థుల కంటె దిట్టమైనవి. అయితే అస్థిభేదాలన్నీ జాతిభేదాలు కావు. 2015లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, ఆహారసేకరణతో జీవించిన సమూహాల తుంటికీలు వద్ద ఎముకలోని స్పంజిక ధాతువు సాంద్రంగాను, వ్యవసాయదారులలో పలుచగాను ఉన్నట్లు తేలినది. ఈ రెండు సమూహాలును ఆధునిక మానవులవే.

అస్థిదంతాల తారతమ్యం తెలియుటకు రెండు శిలాజాలు చాలును. దక్షిణాఫ్రికాలోని టాంగ్ వద్ద 1924లో లభించిన శిశుకపాలాన్ని రేమండ్ డార్ట్ 1925లో ఆస్ట్రలోపిథెకస్ అను పేర ప్రకటించాడు. మొదటి శాశ్వత చర్వణకం మొలకెత్తిన స్థితిని బట్టి, నేటి పిల్లలతో పోల్చి, ఆ శిశువు వయస్సు ఆరేండ్లని భావించారు. 1985లో బ్రోమేజ్, డీన్ అను పరిశోధకులు ఎనామిల్ రేఖలను ఆధారం చేసికొని, అట్టి శిశువుల వయస్సు మూడు, నాలుగేండ్ల నడుమనే అని చూపారు. అనగా వారి దంతవికాసం చింపాంజీల వలె శీఘ్రంగా సాగినది.

కెన్యాలోని నారియోకోటోమె వద్ద 1984లో వెలువడిన హోమో ఎరెక్టస్ బాలుని అస్థిపంజరం సుమారు 15 లక్షల సంవత్సరాల నాటిది. ఎత్తును, ఎముకల పరిణతిని బట్టి అతడు పండ్రెండు, పదమూడేండ్లవాడని తోచుతుంది; దంతరేఖలు మాత్రం ఎనిమిదేండ్లే అంటున్నవి. ఇక్కడ దంతసాక్ష్యానికే విలువ ఎక్కువ. అది కాలాన్నే కొలుస్తుంది. అస్థి పెరుగుదలను మాత్రమే చెబుతుంది.

మరి నేటి మానవుని దీర్ఘబాల్యం ఎప్పటిది? మొరాకోలోని జెబెల్ ఇర్హూద్ వద్ద లభించిన శిశువు దంతాలు నేటి పిల్లల దంతాల వలె మెల్లగా పెరిగినవని 2007లో తేలినది. ఆ స్థలం సుమారు 3 లక్షల సంవత్సరాల నాటిదని 2017లో నిర్ణయించారు. నియాండర్తాల్ శిశువుల దంతాలు మనకంటె త్వరగా ఏర్పడినవని 2010 నాటి పరిశోధన చెప్పగా, స్పెయిన్‌లోని ఎల్ సిద్రోన్ బాలునిపై 2017లో జరిగిన పరిశోధన అతని ఎదుగుదల చాలవరకు మనవంటిదే అన్నది. జార్జియాలోని ద్మానిసి వద్ద లభించిన, 17.7 లక్షల సంవత్సరాల నాటి ఒకరి దంతాలు మొదటి ఐదేండ్లు మెల్లగాను, పిదప వేగంగాను పెరిగినట్లు 2024లో వెల్లడైనది. మెదడు పెరుగుటకు పూర్వమే, పెద్దలనుండి పిల్లలకు విద్య సంక్రమించుటకై, బాల్యం దీర్ఘమై ఉండవచ్చునని ఆ పరిశోధకులు ఊహించారు. ఒక్క వ్యక్తి దంతాలపై ఆధారపడినందున దీనిని సిద్ధాంతంగా గాక పూర్వపక్షంగా గ్రహించుట ఉచితం.

మధ్యప్రదేశ్‌లోని హత్‌నోరా వద్ద 1982లో అరుణ్ సోనాకియా కనుగొన్న నర్మదా కపాలంతో దంతాలు లభించలేదు. కావున భారతదేశపు ఆ ప్రాచీన మానవుని బాల్యాన్ని గురించి ఆ కపాలం చెప్పగలిగినది స్వల్పమే. అట్టి స్థలాలలో లభించే ఒక్క చర్వణకం సయితం ఎంత విలువైనదో దీనివలన స్పష్టం. సుశ్రుతుడు రుచకములను అస్థులలో చేర్చినను వాటికి వేరొక నామం ఇచ్చాడు; ఆ భేదం నేటి పరిశోధనలో సార్థకమైనది.