సారాయి దీపంలో మండేదేమిటి?

మీ పాఠశాల ప్రయోగశాలలో అన్నిటికంటె ప్రమాదకరమైన వస్తువు ఏది? ఈ ప్రశ్న వేస్తే చాలామంది విద్యార్థులు "గాఢ సల్ఫ్యూరికామ్లం సీసా" అంటారు. ఆ సీసాకు భయపడడం మంచిదే. కాని దాన్ని చూడగానే అందరూ ఒక అడుగు వెనక్కి వేస్తారు. మాష్టారు తప్ప ఎవరూ ముట్టరు. ఎవరూ భయపడనిది, ప్రతి బల్లమీదా ఉండేది, అరచేతిలో ఇమిడిపోయేది మరొకటి ఉంది. అదే సారాయి దీపం.

పెద్ద కాలేజీల ప్రయోగశాలల్లో గొట్టం గుండా గ్యాసు వస్తుంది, బున్సెన్ బర్నరు వెలుగుతుంది. మా భోగాపురం వైపు పల్లెటూళ్ల హైస్కూళ్లలో నీరు మరిగించాలన్నా, మెగ్నీషియం తీగ మండించాలన్నా సారాయి దీపమే దిక్కు. చిన్న గాజుబుడ్డి, నూలువత్తి, వత్తిని పట్టుకునే బిళ్ల, పైన ఒక మూత. చూడడానికి మన తాతలనాటి కిరసనాయిలు బుడ్డిలాగే ఉంటుంది. ఈ పోలికే మనల్ని మోసగిస్తుంది.

కిరసనాయిలూ స్పిరిట్టూ రెండూ మండే ద్రవాలే అంటాం. నిజానికి ద్రవం మండదు, దాని ఆవిరి మండుతుంది. ద్రవం పైభాగం నుంచి చాలినంత ఆవిరి లేచి గాలితో కలిస్తేనే నిప్పు చూపగానే భగ్గుమంటుంది. అంత ఆవిరి లేవడానికి కావలసిన కనీస ఉష్ణోగ్రతను ఆ ద్రవం 'ఫ్లాష్ పాయింటు' అంటారు. కిరసనాయిలుకు ఇది 38 డిగ్రీల సెల్సియస్, లేదా అంతకంటె ఎక్కువ. అందుచేత మామూలు రోజున కిరసనాయిలు మండాలంటే వత్తి చివర దాన్ని ముందు వేడిచేయాలి. మరి స్పిరిట్ సంగతి? దాని ఫ్లాష్ పాయింటు, అందులోని నీటి పాలునుబట్టి, సుమారు 13 నుంచి 17 డిగ్రీలు. సంక్రాంతి చలిలో కూడా బడివేళకు మన తీరంలో వేడి ఇంతకంటె ఎక్కువే ఉంటుంది. అంటే మూత తీసిన స్పిరిట్ సీసా ఏడాది పొడుగునా అగ్గిపుల్లకోసం సిద్ధంగా ఉన్నట్టే.

ఇక్కడ చిన్న లెక్క చేద్దాం. స్పిరిట్‌లో ముఖ్యమైనది ఇథైల్ ఆల్కహాలు. దాని అణుభారం 46. గాలి సగటు అణుభారం 29. నలభైయారును ఇరవైతొమ్మిదితో భాగించండి. ఇంచుమించు 1.6 వస్తుంది. కాబట్టి ఈ ఆవిరి గాలికంటె బరువైనది. పొగలాగా పైకి పోదు. వానాకాలపు గెడ్డలో నీరు పల్లానికి పారినట్టు బల్లమీద పారి, అంచునుంచి కిందికి జారుతుంది. కంటికి కనపడదు. సీసా ఒకచోట, వెలుగుతున్న దీపం మరొకచోట ఉన్నా, మధ్యలో ఈ కనపడని గెడ్డ పారుతూ ఉండవచ్చు. అటు దీపం తగిలితే మంట ఇటు సీసాదాకా వెనక్కి పరుగెత్తుతుంది.

గాలికంటె బరువైన ఆవిరి ఎంత పని చేయగలదో మన ప్రాంతం చూసింది. భోగాపురానికి దక్షిణాన ఉన్న విశాఖపట్నంలో, 2020 మే 7 తెల్లవారుజామున, ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారంలో నిల్వ ఉన్న స్టైరీన్ అనే ద్రవం తనంతట తాను పాలిమరుగా మారుతూ వేడెక్కి, ఆవిరై బయటికి వచ్చింది. స్టైరీన్ అణుభారం 104. పై లెక్కే మళ్లీ చేయండి: గాలికంటె మూడున్నర రెట్లు బరువు. ఆ ఆవిరి అంటుకోలేదు; నేలను పట్టుకుని పక్కనున్న ఇళ్లమీదికి పాకింది. పన్నెండుమంది మరణించారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఒక మందుల కర్మాగారంలో ద్రావణి కారి, దాని ఆవిరి అంటుకుని పేలినప్పుడు పదిహేడుమంది చనిపోయారు. మీలో కొందరు రేపు అటువంటి చోట్ల ఉద్యోగాలకు వెళతారు. అక్కడి ట్యాంకులో ఉన్నదీ మీ బల్లమీది బుడ్డిలో ఉన్నదీ ఒకే భౌతికశాస్త్రం.

మళ్లీ బుడ్డి దగ్గరకు వద్దాం. స్పిరిట్ అడుగంటిన దీపం నిండు దీపంకంటె సాధువైనదని మీరు అనుకోవచ్చు. సరిగ్గా తలకిందులు. గాలిలో ఈ ఆవిరి సుమారు 3 శాతం నుంచి 19 శాతం దాకా ఉంటే ఆ మిశ్రమం పేలగలదు. 30 డిగ్రీల వేడిలో బుడ్డి ఖాళీ భాగంలో ఆవిరి ఇంచుమించు 10 శాతం ఉంటుంది! ఖాళీ ఎంత ఎక్కువైతే పేలగల మిశ్రమం అంత ఎక్కువ. అందుకే బుడ్డిలో స్పిరిట్ పావువంతుకు తగ్గకూడదు. మూడింట రెండువంతులకు మించితే వేడికి ఉబికి పైకి వస్తుంది, అదీ కూడదు.

తగ్గిందని వెలుగుతున్న దీపంలో స్పిరిట్ పోయడం అన్నిటిలోకి ఘోరమైన పని. స్పిరిట్ మంట లేత నీలిరంగు. ఎండవెలుగులో దాదాపు కనపడదు. అందులో మధ్యాహ్నం సముద్రపు గాలి కిటికీలోంచి వీస్తే మంట పడుకుని, ఆరిపోయినట్టే ఉంటుంది. ఆరిందనుకుని సీసా వంచినవారి చేతిలోని ధార వెంబడే మంట పాకి సీసాలోకి పోతుంది. మూత పెట్టి ఆర్పాలి, బుడ్డి చల్లారాలి, అప్పుడు గరాటుతో పోయాలి. నోటితో ఊది ఆర్పవద్దు. ఊపిరి మంటను వత్తి పక్క సందుగుండా లోపలికి నెట్టవచ్చు. ఒక దీపాన్ని వంచి మరో దీపంతో వెలిగించడం దీపావళినాటి అలవాటు, ఇక్కడ పనికిరాదు. వంచగానే స్పిరిట్ ఒలుకుతుంది. అగ్గిపుల్ల ఖరీదెంత?

దీపంమీద మనం ఎక్కువగా పెట్టేది పరీక్షనాళిక. నాళికను నిలువుగా పట్టుకుని అడుగుననే వేడిచేస్తే అడుగునున్న నీరు ముందు ఆవిరవుతుంది. ఒక మిల్లీలీటరు నీరు ఆవిరైతే సుమారు 1,600 మిల్లీలీటర్లు అవుతుంది. ఆ ఆవిరి పైనున్న ద్రవాన్ని తుపాకి గుండులా బయటికి తోస్తుంది. కనుక నాళికను ఏటవాలుగా పట్టుకుని, కదుపుతూ, మూడోవంతుకు మించకుండా నింపి వేడిచేయాలి. మూతి ఎవరి ముఖంవైపూ ఉండకూడదు. మీ ముఖంవైపు కూడా! అడుగున తడి ఉంటే ముందు తుడవాలి. మామూలు గాజు వేడికి బోరోసిలికేట్ గాజుకంటె సుమారు మూడు రెట్లు ఎక్కువగా వ్యాకోచిస్తుంది, అందుకే ఇంటి గాజుగ్లాసు దీపంమీద పగులుతుంది, ప్రయోగశాల బీకరు నిలుస్తుంది.

కంటి రక్షణకు కళ్లద్దాలు పెట్టుకోమంటే నవ్వే పిల్లలున్నారు. 1812లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ నైట్రోజన్ ట్రైక్లోరైడుమీద పనిచేస్తూండగా అది పేలి కళ్లకు గాయమైంది. ఆ పదార్థాన్ని అంతకుముందే కనుగొన్న ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డ్యూలాంగ్ దానివల్ల ఒక కన్నూ, చేతివేళ్లూ పోగొట్టుకున్నాడు. చూపు దెబ్బతిన్న డేవీకి రాసిపెట్టడానికి కొద్దిరోజులు సాయంగా వచ్చిన యువకుడే మైకేల్ ఫారడే. కథ బాగుంది కదా అని మనం కళ్లు పణం పెట్టనక్కరలేదు. కళ్లద్దాలతోపాటు జడ ముడివేసుకోండి, చున్నీ చివరలు వెనక్కి కట్టుకోండి. నైలాను, టెరిలీను బట్టలు మంటకు కరిగి చర్మానికి అంటుకుంటాయి. నూలుబట్ట అలా అంటుకోదు.

ఇన్ని జాగ్రత్తలు పడినా బల్లమీద స్పిరిట్ ఒలికి అంటుకుంటే? చెంబుతో నీళ్లు విసరవద్దు, ఆ ఊపుకు మండే ద్రవం పక్కకు పారుతుంది. తడి గోనెపట్టా కప్పండి, లేదా ఇసుక చల్లండి; గాలి అందకపోతే మంట ఆగుతుంది. ఒంటిమీద బట్ట అంటుకుంటే పరుగెత్తకూడదు. నేలమీద పడుకుని దొర్లాలి. కాలినచోట ఇంకు పోయడం, పళ్లపేస్టు రాయడం ఇప్పటికీ చూస్తుంటాం. రెండూ వద్దు. కుళాయి కిందో, బిందెతో ధారగానో ఇరవై నిమిషాలు చల్లని నీరు పోయాలి. కంట్లో ఏదైనా పడితే రెప్పలు తెరిచిపట్టి పదిహేను నిమిషాలు కడిగి, ఆస్పత్రికి తీసుకుపోవాలి. 108కి ఫోను చేయాలి.

రేపు ప్రయోగశాలలోకి వెళ్లగానే మూలనున్న ఎర్రరంగు బాల్చీలోకి ఒకసారి తొంగిచూడండి. అందులో ఇసుకకు బదులు సుద్దముక్కలూ, చింపిన కాగితాలూ కనిపిస్తే ఆశ్చర్యపోకండి, చాలా బాల్చీల గతి అదే. వాటిని పారబోసి, మాష్టారికి చెప్పి, మంచి ఇసుక నింపండి. ముక్కాం తీరాన ఇసుకకు కొదవలేదు గాని, అది తడిగా, గడ్డకట్టి ఉంటుంది. రెండురోజులు ఎండలో ఆరబోసి, జల్లించి మరీ పోయండి.