బండి ఆగితే తప్పు కార్బొరేటర్‌దేనా? బోరు పనికి ఒప్పుకునే ముందు ఇవి చూడండి

విశాఖపట్నం: గాజువాక నుంచి ఉదయం ఆరు గంటల షిఫ్టుకు స్టీల్‌ప్లాంట్ వైపు వెళ్ళే కాంట్రాక్ట్ కార్మికుడిని తీసుకోండి. పది కిక్కులు కొట్టినా బండి స్టార్ట్ కాకపోతే ఆ రోజు హాజరు పోతుంది, కూలీ పోతుంది. సాయంత్రం షెడ్డుకు తోసుకెళ్తే వినపడే మాట రెండింట్లో ఒకటి: "కార్బొరేటర్ పోయింది భాయ్" లేదా "బోరు పని ఉంది, ఇంజన్ దించాలి". మొదటిది వందల ఖర్చు, రెండోది వేల ఖర్చు. చాలాసార్లు అసలు జబ్బు ఈ రెండూ కాదు. ఎక్కడో ఒక ప్లగ్గు, ఒక ఫిల్టర్, ఒక చిన్న రబ్బరు.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త బండ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. అంతకుముందు కొన్న బండ్లలో ఎక్కువ భాగం కార్బొరేటర్‌వే. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100, 1994లో వచ్చిన స్ప్లెండర్ లాంటివి ఇప్పటికీ పోర్టు రోడ్లలో, పాత ఊరి సందుల్లో తిరుగుతూనే ఉన్నాయి. వీటి జబ్బు కనిపెట్టడానికి కంప్యూటర్ అక్కర్లేదు. వరస తప్పకుండా చూస్తే చాలు.

ఇంజన్‌కు కావాల్సింది నాలుగే

నిప్పు, పెట్రోలు, గాలి, కంప్రెషన్. ఈ నాలుగూ సరిగా ఉంటే ఇంజన్ నడిచి తీరాలి. కార్బొరేటర్ పని ఇందులో ఒక భాగమే: గాలిలో తగినంత పెట్రోలు కలపడం. లెక్క ప్రకారం 1 గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. పెట్రోలు ఎక్కువైతే నల్ల పొగ, మైలేజీ పడిపోవడం. తక్కువైతే ఇంజన్ వేడెక్కడం, పికప్ లేకపోవడం, గేరులో తడబడడం.

ముందు ఖర్చు లేనివి, తర్వాత తక్కువ ఖర్చువి, చివరికి మాత్రమే ఇంజన్. ఈ వరస గుర్తుంటే జేబు నిలుస్తుంది.

మొదట ప్లగ్గు

ప్లగ్గు విప్పి కొన చూడండి. లేత ఇటుక రంగు ఉంటే అంతా బాగున్నట్టే. పొడిగా నల్లటి మసి పడితే పెట్రోలు ఎక్కువ వెళ్తోంది, లేదా ఫిల్టర్ మూసుకుపోయింది. తెల్లగా కాలినట్టుంటే పెట్రోలు చాలడం లేదు, లేదా ఎక్కడో అదనపు గాలి దూరుతోంది. జిడ్డుగా, తడి నల్లగా ఉంటే ఇంజనాయిల్ పైకి వస్తోంది. అప్పుడే రింగుల గురించి ఆలోచించాలి.

తర్వాత ప్లగ్గును క్యాపులో పెట్టి, దాని ఇనుప ఒంటిని ఇంజన్‌కు ఆనించి కిక్ కొట్టాలి. నీలంగా, చిటుక్కున మెరిస్తే కరెంటు బాగుంది. ఎర్రగా, సన్నగా వస్తే ప్లగ్గు, క్యాపు, వైరు, కాయిల్ ఒక్కొక్కటి చూడాలి. ఒలికిన పెట్రోలు ముందే తుడిచేయాలి. ప్లగ్గును ప్లగ్గు రంధ్రానికి దూరంగానే ఉంచాలి, ఆ నిప్పుకు లోపలి ఆవిరి అంటుకుంటుంది.

విశాఖలో దీనికి ఒక అదనపు కారణం ఉంది, సముద్రపు గాలి. ఉప్పు తేమకు ప్లగ్గు క్యాపు లోపల, ఎర్త్ వైరు బిగించిన చోట పచ్చగా తుప్పు పడుతుంది. బండి ఒకరోజు బాగుండి ఒకరోజు మొరాయిస్తే ముందు ఈ కనెక్షన్లు గీకి బిగించి చూడాలి. దీనికి రూపాయి ఖర్చు లేదు.

తర్వాత పెట్రోలు

కార్బొరేటర్ అడుగున చిన్న డ్రైన్ స్క్రూ ఉంటుంది. ఇంజన్ చల్లారాక దాన్ని వదులు చేసి గాజు సీసాలోకి కొంచెం పట్టండి. అడుగున నీటి బొట్లు, గోధుమ రంగు పొడి కనపడితే టాంకు లోపల తుప్పు. ఒక్క కార్బొరేటర్ కడిగించినా వారంలో మళ్ళీ అదే కథ. టాంకు కూడా కడగాలి.

20 శాతం ఇథనాల్ కలిపిన ఈ-20 పెట్రోలును 2023 ఫిబ్రవరిలో కేంద్రం ప్రారంభించింది, ఇప్పుడు మామూలుగా దొరికేది అదే. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాత బండ్ల రబ్బరు ఓ-రింగులు, పైపులు దానికి తగ్గట్టు చేసినవి కావు, ఉబ్బవచ్చు, పగలవచ్చు. పైగా ఇథనాల్ మండడానికి పెట్రోలు కంటే తక్కువ గాలి చాలు. అందుకే పాత సెట్టింగ్ మీద మిశ్రమం కాస్త పలచనవుతుంది. గల్ఫ్‌కు వెళ్తూ బండిని నెలల తరబడి ఇంట్లో వదిలేసేవాళ్ళు పెట్రోలు ట్యాపు మూసి, కార్బొరేటర్ ఖాళీ చేసి వెళ్ళడం మంచిది. లేదంటే లోపల జిగురు పట్టి సన్నటి జెట్ మూసుకుపోతుంది.

కార్బొరేటర్ పైపు నుంచి పెట్రోలు కారుతుంటే ఫ్లోట్ నీడిల్ దగ్గర చెత్త ఉంది, లేదా నీడిల్ అరిగింది. ఆ పని అయ్యేదాకా బండిని గ్యాస్ పొయ్యి ఉన్న గది పక్కన పెట్టకూడదు.

లక్షణమే జాడ చెబుతుంది

స్లోలో నిలవకుండా ఆగిపోయి, వేగం మీద బాగా నడిస్తే స్లో జెట్ మూసుకుంది. స్లో బాగుండి, ఎక్కువ రేస్ ఇచ్చినప్పుడు గొంతు పట్టినట్టయితే మెయిన్ జెట్, లేదా పెట్రోలు సరిగా దిగడం లేదు.

ఇంజన్ వేడెక్కాక కూడా చోక్ వేస్తేనే బాగా నడుస్తుంటే పెట్రోలు చాలడం లేదు, లేదా కార్బొరేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య రబ్బరు పగిలి గాలి పీలుస్తోంది. స్లోలో ఉండగా ఆ జాయింటు మీద సబ్బు నీళ్ళు పోస్తే శబ్దం మారుతుంది. మారితే దొంగ దొరికినట్టే.

నాలుగైదు కిలోమీటర్లు వెళ్ళి ఆగి, పది నిమిషాలకు మళ్ళీ స్టార్ట్ అయితే టాంకు మూత తెరవండి. 'హుస్' మని గాలి లోపలికి దూరితే మూతలోని రంధ్రం మూసుకుపోయినట్టు. మూత తెరిచినా లాభం లేకపోతే, ఆగిన వెంటనే నిప్పు వస్తోందో లేదో చూడాలి. రాకపోతే కాయిల్ లేదా సీడీఐ వేడికి పడిపోతోంది.

సింహాచలం ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తూ బండి మాత్రం కదలకపోతే అది కార్బొరేటర్ కాదు, క్లచ్ ప్లేట్లు. బ్రేకు పట్టేసి ఉన్నా పికప్, మైలేజీ రెండూ పోతాయి. స్టాండు వేసి చక్రం చేత్తో తిప్పితే తెలిసిపోతుంది.

ఫిల్టర్‌కు బూడిద ఊరు

బొగ్గు, ఇనుప ఖనిజం లారీలు తిరిగే కాన్వెంట్ జంక్షన్, సింధియా, మల్కాపురం రోడ్లలో నడిచే బండికి పుస్తకంలో రాసిన కిలోమీటర్ల లెక్క చాలదు. ఫిల్టర్ ముందే మూసుకుంటుంది. ఫోమ్ ఫిల్టర్ అయితే కిరసనాయిల్‌లో కడిగి ఆరబెట్టి కొంచెం ఆయిల్ పట్టించవచ్చు. పేపర్ ఫిల్టర్‌ను కడగకూడదు, మార్చాలి. ఫిల్టర్ లేకుండా నడిపితే ఆ ధూళి నేరుగా బోరును అరగదీస్తుంది.

బోరు పని నిజమో కాదో

పొగ చూడండి. చలి ఉదయం కాసేపు తెల్లగా వచ్చి పోయేది నీటి ఆవిరి, భయం లేదు. రాత్రంతా ఆగిన బండి స్టార్ట్ చేయగానే నీలి పొగ వచ్చి తగ్గితే వాల్వ్ సీళ్ళు. రేస్ ఇచ్చిన ప్రతిసారీ వస్తే రింగులు, బోరు.

కిక్ గట్టిగా తగలకుండా జారిపోతుంటే కంప్రెషన్ తక్కువ. అప్పుడు కూడా ముందు టాపెట్ సెట్టింగ్ చూడమనండి, మరీ బిగుతుగా ఉంటే వాల్వ్ పూర్తిగా మూసుకోదు. తర్వాత కంప్రెషన్ గేజీతో కొలిచి, ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా ఇంజనాయిల్ పోసి మళ్ళీ కొలవాలి. రెండోసారి అంకె బాగా పెరిగితే రింగులు పోయినట్టు. పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ గాస్కెట్. ఐదు నిమిషాల ఈ పరీక్ష చేయకుండా బోరు చేయాలంటే ఒప్పుకోవాల్సిన పని లేదు.

షెడ్డులో ఏం చెప్పాలి

"బండి బాలేదు" అంటే మెకానిక్‌కు ఏమీ తెలియదు. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? స్లోలోనా, వేగంలోనా? చోక్ వేస్తే మెరుగా, ఇంకా పాడా? ఈ మూడూ చెబితే పని సగమైనట్టే. కార్బొరేటర్ విప్పే ముందు మిక్స్చర్ స్క్రూ ఎన్ని చుట్లు ఉందో రాసి పెట్టమనండి. జెట్‌ను ఇనుప తీగతో పొడవనివ్వకండి, ఇత్తడి రంధ్రం పెద్దదై మైలేజీ శాశ్వతంగా పోతుంది. గాలి కొట్టడం, క్లీనర్ స్ప్రే చాలు.

అన్నిటికన్నా ముఖ్యం, ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. ప్లగ్గు, జెట్, కాయిల్ మూడూ ఒకేసారి మారిస్తే బండి నడుస్తుంది కానీ ఏది పోయిందో ఎవరికీ తెలియదు, బిల్లు మాత్రం మూడింటికీ పడుతుంది. మార్చిన పాత సామాను ఇంటికి తెచ్చుకోండి. అందులో బాగున్న ప్లగ్గును సీటు కింద పెట్టుకుంటే, మరో ఉదయం ఆరు గంటల షిఫ్టును అదే కాపాడవచ్చు.