బజ్ ఎందుకు కదలడు? తెలుగులో వాదించనిద్దాం

1995లో వచ్చిన ‘టాయ్ స్టోరీ’ని మన పిల్లల్లో చాలామంది చూసే ఉంటారు. మనుషులు లేనప్పుడు బొమ్మలు మాట్లాడతాయి, పరుగెత్తుతాయి. ఎవరైనా రాగానే కదలక మెదలక పడిపోతాయి. ఆ కథకు అదే కట్టుబాటు.

ఇక్కడే ఒక చిక్కుంది. బజ్ లైట్‌ఇయర్ తాను బొమ్మనని మొదట్లో నమ్మడు, అంతరిక్ష వీరుడిననుకుంటాడు. మరి ఆండీ గదిలోకి వస్తే అతడెందుకు బిగుసుకుపోతాడు? ఒళ్లే స్వాధీనం తప్పుతుందందామా? చివర్లో సిడ్ ఎదుటే వుడీ నోరు విప్పుతాడు కదా! పోనీ, బొమ్మలు కావాలనే దాక్కుంటాయందామా? బొమ్మను కాననుకునే బజ్‌కు ఆ అవసరమేముంది?

మన సింహాసన ద్వాత్రింశికలోని 32 బొమ్మలకు ఈ దాపరికం లేదు. భోజరాజు సింహాసనం ఎక్కబోతే చాలు, ఎదురుగానే అడ్డుచెప్పి కథ మొదలుపెడతాయి.

2006 చట్టంతో తమిళం తప్పనిసరి అయ్యాక, హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తెలుగు బడుల్లో తెలుగు పీరియడు మరింత విలువైనదైంది. దాన్ని పద్యాలు, ప్రశ్న-జవాబులతోనే సరిపెట్టకూడదు. ఇంట్లో అన్నం పెట్టమనడానికి వచ్చిన తెలుగు, కారణం చెప్పడానికీ రావాలి.

అయ్యవార్లు, అమ్మవార్లు తరగతిని రెండు జట్లు చేసి ఈ చిక్కును వాళ్ల ముందుంచవచ్చు. ‘ఒకవేళ’, ‘అయినా’, ‘కాబట్టి’ అనే మాటలు పిల్లల నోట వాటంతటవే వస్తాయి. తల్లిదండ్రులుగా మనం ఇంట్లో ఆ వాదనను కొనసాగిద్దాం. జవాబు మాత్రం మనం ముందే చెప్పేయొద్దు.