ఒక గోలీకి ఇంకో గోలీ పడకపోతే

శంషాబాదులో ఒకే మనిషి మూడు చోట్ల మందులు తెచ్చుకుంటుంది. బీపీ గోలీలు సర్కారు దవాఖానలో ఊరికే ఇస్తారు. మోకాళ్ళ నొప్పికి ప్రైవేటు డాక్టరు చీటీ రాస్తాడు. జ్వరం వస్తే మెడికల్ షాపు ఉండనే ఉంది. విమానాశ్రయంలో షిఫ్టు పనికి పోయే ఆడవాళ్ళకు అదే దగ్గర. ఒకరు ఇచ్చింది ఇంకొకరికి తెలియదు. కాని కడుపులోకి పోయాక అన్నీ ఒక్కచోటే కలుస్తాయి.

కలిస్తే ఏమవుతుంది? చాలాసార్లు ఏమీ కాదు. కొన్నిసార్లు మాత్రం ఒక మందు ఇంకో మందు బలాన్ని తగ్గిస్తుంది. లేదా పెంచుతుంది.

టీబీ మందుల్లో రిఫాంపిసిన్ అని ఒకటి ఉంది. అది వేసుకుంటే మూత్రం ఎర్రగా వస్తుంది. దానికి భయపడనక్కర లేదు. అసలు సంగతి వేరే. ఆ మందు మన కాలేయాన్ని తొందరపెడుతుంది. అప్పుడు కాలేయం మాలా-ఎన్ లాంటి గర్భం రాకుండా వాడే గోలీని కూడా త్వరగా కరిగించి బయటికి పంపేస్తుంది. ఆమె రోజూ మరవకుండా గోలీ వేసుకుంటుంది. అయినా నెల తప్పవచ్చు. ఇంట్లో మాట మాత్రం ఆమెకే వస్తుంది! అందుకే టీబీ మందు మొదలుపెట్టే రోజే డాక్టరుకు ఈ గోలీ సంగతి చెప్పాలి. కాపర్-టి, నిరోధ్ లాంటి వేరే దారులున్నాయి. టీబీ మందు ఆపకూడదు.

ఇక నొప్పి గోలీలు. బ్రూఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి రోజుల తరబడి వేసుకుంటే బీపీ గోలీ సరిగ్గా పనిచేయదు. కిడ్నీల మీద కూడా భారం పడుతుంది. ముసలివాళ్ళకు ఈ భయం ఎక్కువ.

ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో 39 ఏళ్ళ ఒకామెకు డాక్టరు ఎలర్జీకి టెర్ఫెనడిన్ అనే మందు రాశాడు. తెల్లబట్టకు ఆమె తనంతట తానే కీటోకొనజోల్ కూడా వేసుకుంది. రెండో మందు మొదటిదాన్ని ఒంట్లో కరగనివ్వలేదు. అది పేరుకుపోయింది. గుండె లయ తప్పి, ఆమెకు స్పృహ పోయింది. 1990లో డాక్టర్లు ఈ సంగతి పత్రికలో రాశారు. 1998లో ఆ ఎలర్జీ మందు అమెరికా బజారు నుంచి పోయింది.

మరి ఏ గోలీ ఏదో ఎట్లా తెలుస్తుంది? మందుల పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి. చీటీ చూస్తే కోడి కెలికినట్టు ఉంటుంది. చదవగలిగేట్టు రాయాలని 2016లో మెడికల్ కౌన్సిల్ నియమం పెట్టినా అంతే. షాపులో రెండు గోలీలు కత్తిరించి ఇస్తే వాటి మీద పేరే ఉండదు. పేరున్న ముక్కే అడగండి. పేరు చదివించుకుని, ఏ జబ్బుకో మీ చేత్తో తెలుగులో చీటీ మీద రాసుకోండి. క్రోసిన్, డోలో అని పేర్లు వేరుగా ఉంటాయి. లోపల మందు ఒక్కటే, పారాసిటమాల్. రెండూ కలిపి వేసుకుంటే మోతాదు ఎక్కువై కాలేయం చెడుతుంది.

ఇంట్లో ఉన్న గోలీలన్నీ, పాత చీటీలతో సహా ఒక సంచిలో వేసుకుని పోండి. నాటు మందు వాడుతుంటే అదీ చెప్పండి. "వీటితో ఇది పడుతుందా?" అని అడగండి. డాక్టరు విసుక్కుంటే విసుక్కోనీ.

మందు వల్ల దద్దుర్లు, కళ్ళు తిరగడం లాంటివి వస్తే వెంటనే డాక్టరుకు చూపించాలి. తర్వాత 1800-180-3024కు ఫోను చేసి చెప్పవచ్చు. ఈ ఫోనుకు పైసా ఖర్చు లేదు.