కీళ్లవాపు మాత్ర లోపల ఏం చేస్తుంది?

కనగానపల్లిలోనైనా ధర్మవరంలోనైనా, కీళ్లవాతంతో లేవలేనివారికి ప్రెడ్నిసొలోన్ మాత్ర కొద్దిరోజుల్లోనే హాయినిస్తుంది. చీటీ లేకుండా కొనాలనిపించేది అందుకే.

తెల్లరక్తకణాల్లోని జన్యువులకు నకలు తీస్తేనే వాపు పుట్టించే పదార్థాలు తయారవుతాయి. ఈ మందు కణంలో ఒక ప్రోటీన్‌తో జతకడుతుంది. ఆ జంట కణకేంద్రంలోకి వెళ్లి నకలు తీసే పనిని అణచివేస్తుంది. 1948లో అమెరికాలో డాక్టర్ హెంచ్ ఈ జాతి మందును కీళ్లవాతానికి వాడి, 1950లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. గొప్ప మందే, సందేహం లేదు!

అయితే వాపుతోపాటు రక్షణశక్తీ తగ్గుతుంది. దాగివున్న క్షయ తిరగబెట్టవచ్చు. పైగా మూత్రపిండాల మీదుండే గ్రంథులు ఇదే జాతి హార్మోనును రోజూ తయారు చేస్తుంటాయి. వారాల తరబడి మాత్ర మింగితే అవి పని మానుకుంటాయి. అప్పుడు హఠాత్తుగా ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఇప్పటికే వాడుతున్నవారు డాక్టరు చెప్పిన లెక్కన కొద్దికొద్దిగా తగ్గించుకోండి.